రాయి వేయాలా, ఇసుకను నడవనివ్వాలా?

కిరుమాంబాక్కం సముద్రపు ఒడ్డు ఊరు కాదు. పుదుచ్చేరి నుంచి కడలూరు పోయే పెద్ద రోడ్డు మీద, మెడికల్ కాలేజీ, ఇంజనీరింగ్ కాలేజీ, పారిశ్రామికవాడల చుట్టూ పెరిగిన ఊరు. సముద్రం కావాలంటే రోడ్డు దిగి తూర్పుకు పన్నితిట్టు వైపో, నరంబై వైపో పోవాలి. అక్కడ మత్స్యకారుల ఇళ్లు, ఇసుక మీదికి లాగిపెట్టిన ఫైబర్ పడవలు, ఆరేసిన వలలు కనిపిస్తాయి. పుదుచ్చేరికి ఉత్తరాన చాలా ఊళ్లకు ఆ ఇసుక మిగల్లేదు. దక్షిణాన ఉన్న ఈ ఊళ్లకు అదే గతి పట్టకుండా ముందే ఏం చేయాలన్న దాని మీద కిరుమాంబాక్కంలోని ఒక తెలుగు ఇంట్లో మామకూ మేనకోడలికీ మధ్య నడిచిన వాదన ఇది.

మామది యానాం. గోదావరి పక్కన, ఆంధ్రా ఊళ్ల మధ్య ఉన్నా యానాం పాలన పుదుచ్చేరిదే. చదువు కోసమో ఉద్యోగం కోసమో అంత దూరం దాటి ఇక్కడికి చేరిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. ఆయన ఇంజనీరుగా చేసి, రిటైరయ్యాక ఇక్కడే ఉండిపోయారు. మేనకోడలు ఉపగ్రహ చిత్రాలతో తీరరేఖల మార్పును కొలిచే పరిశోధకురాలు. ఆమె కొలిచేది మన తీరాన్ని కాదు, ఉత్తర ధ్రువం చుట్టూ ఉన్న అలాస్కా, సైబీరియా తీరాలను. మామకు మింగుడుపడనిది అదే.

"కాకినాడ దగ్గర మన ఉప్పాడ కళ్ల ముందు కొట్టుకుపోతుంటే, మనిషన్నవాడు ఉండని మంచు దేశపు గట్లు కొలవడం ఏంటమ్మా?" అన్నారాయన.

"మనుషులు ఉండరని ఎవరన్నారు మావయ్యా? అలాస్కాలో షిష్మారెఫ్ అని ఒక ఊరుంది. సన్నటి దీవి మీద సుమారు ఆరు వందల మంది. సీల్ వేట, చేపల వేట వాళ్ల బతుకు. గట్టు విరిగి ఇళ్లు సముద్రంలో పడుతుంటే ఊరు మార్చేయాలని 2002లో ఓటు వేసుకున్నారు. 2016లో మళ్లీ వేసుకున్నారు. ఇప్పటికీ అక్కడే ఉన్నారు. కెనడాలో టుక్టోయాక్‌టుక్ అనే ఊళ్లో 2020లో ఒడ్డు అంచున ఉన్న ఇళ్లను ఎత్తి లోపలికి జరిపారు. ఉప్పాడ వాళ్లకు ఇది అర్థం కాని కథ కాదు."

ఆ నేల ఎలా పోతుందో ఆమె ఓపిగ్గా చెప్పింది. కనీసం రెండేళ్లపాటు వరసగా సున్నా డిగ్రీలకు మించని నేలను పెర్మాఫ్రాస్ట్ అంటారు. ప్రపంచంలోని సముద్ర తీరాల్లో దాదాపు మూడో వంతు ఇలాంటి గడ్డకట్టిన తీరాలే. వాటికి రెండు రక్షణలు ఉండేవి. ఒకటి, ఏడాదిలో ఎక్కువ నెలలు సముద్రాన్ని కప్పి ఉంచే మంచు పలక. అది ఉన్నన్నాళ్లూ అల లేవదు. రెండోది, నేలలో ఇమిడిన మంచు. మట్టిని రాయిలా బిగించి పట్టుకునేది అదే. సైబీరియాలో కొన్ని గట్లలో మట్టి కంటే మంచే ఎక్కువ. ఇప్పుడు ఈ రెండు రక్షణలూ కలిసే పోతున్నాయి. 1979లో ఉపగ్రహాల లెక్క మొదలైనప్పటి నుంచి సెప్టెంబరు నెల సముద్రపు మంచు పదేళ్లకు సుమారు 12 శాతం చొప్పున తగ్గుతోంది. ఆర్కిటిక్ మిగతా భూమి కంటే దాదాపు నాలుగు రెట్ల వేగంతో వేడెక్కుతోందని 2022లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది.

"మంచు పలక వెనక్కి పోయిన కొద్దీ గాలికి దొరికే నీటి మేర పెరుగుతుంది, అల పెద్దదవుతుంది," అందామె. "ఆ అల గట్టును కొట్టడమే కాదు, కాస్త వెచ్చటి నీటితో అడుగును కరిగిస్తుంది. గట్టు కింద గుహలా తొలుచుకుపోతుంది. పైన నేలలో నిలువుగా దిగిన మంచు చీలికలు ఉంటాయి. వాటి వెంబడి ఇల్లంత గడ్డ ఒక్కసారిగా విరిగి నీళ్లలో పడుతుంది. కొద్ది రోజుల్లో అది కరిగిపోయి, వెనకాల కొత్త గట్టు అలకు ఎదురవుతుంది. అలాస్కా ఉత్తర తీరాన డ్రూ పాయింట్ అనే చోట 1955 నుంచి 1979 వరకు ఏడాదికి సుమారు 7 మీటర్లు పోయింది. 2007 నుంచి 2016 మధ్య ఏడాదికి 17 మీటర్లు."

"మొత్తం ఆర్కిటిక్ సగటు ఎంత?"

"అర మీటరు."

"అర మీటరు కోసమా ఇంత హడావుడి?"

"అది సగటు మావయ్యా. గట్టి రాతి తీరాలు, కదలని తీరాలు అన్నీ కలిపి తీసిన లెక్క. షిష్మారెఫ్‌లో ఉన్నవాడికి సగటుతో పనిలేదు. సైబీరియా పక్కన లాప్టెవ్ సముద్రంలో సెమ్యోనోవ్‌స్కీ అనే దీవి ఉండేది. పందొమ్మిదో శతాబ్దంలో రష్యన్లు కొలిచి పటంలో గీసిన దీవి. ఇరవయ్యో శతాబ్దం మధ్యకల్లా నీళ్ల పైన ఏమీ మిగల్లేదు."

ఆయన కాసేపు ఆలోచించి, వాదనను తనకు పట్టున్న చోటికి తెచ్చారు. పుదుచ్చేరి తీరం ఎందుకు పోయిందో చెప్పడానికి ధ్రువాల దాకా పోనక్కర్లేదన్నది ఆయన మాట. అందులో తప్పేమీ లేదు. ఈ తీరంలో ఇసుక నిలకడగా ఉండదు. నైరుతి గాలుల నెలల్లో దక్షిణం నుంచి ఉత్తరానికి, ఈశాన్య రుతుపవనాల నెలల్లో ఉత్తరం నుంచి దక్షిణానికి అలల వెంట నడుస్తుంది. ఏడాది మొత్తం మీద చూస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ, అదీ లక్షల ఘనపు మీటర్లలో. 1986-89 మధ్య అరియాంకుప్పం ఏటి మొగ దగ్గర హార్బర్ కట్టి, సముద్రంలోకి రెండు రాతి అడ్డుకట్టలు వేశారు. ఆ అడ్డుకట్టలకు దక్షిణాన వీరాంపట్టినం వైపు ఇసుక మేట వేసింది. ఉత్తరాన పుదుచ్చేరి బీచి మాయమైంది. బీచి రోడ్డు పక్క ఏళ్ల తరబడి నల్లరాళ్ల గుట్టలే తీరం అనిపించుకున్నాయి.

"హార్బర్ ప్రణాళికలోనే ఇసుకను పంపు చేసి అవతలికి చేరవేసే ఏర్పాటు ఉంది. అది సరిగా నడిచింది లేదు. తప్పు అక్కడ," అన్నారు మామ. "కారణం దగ్గర నీకూ నాకూ పేచీ లేదు. మందు దగ్గరే పేచీ. నేనంటాను, ఇసుక పంపు మీద ఆశ పెట్టుకుని ముప్పై ఏళ్లు పోగొట్టుకున్నాం. ఈసారి పన్నితిట్టులోనూ నరంబైలోనూ ఇల్లు పడేదాకా ఆగకూడదు. ముందుగానే రాతికట్ట వేసేయాలి."

"ఉత్తరాన అదే చేశారు కదా. ఏమైంది?"

ఏమైందో పుదుచ్చేరి చుట్టుపక్కల తెలియనివారు లేరు. ఊరి ముందు రాయి వేస్తే కోత ఆగలేదు, ఉత్తరానికి జరిగింది. అక్కడ రాయి వేస్తే ఇంకాస్త ఉత్తరానికి జరిగింది. చివరకు రాష్ట్ర సరిహద్దు దాటి తమిళనాడులోకి పోయింది. తంత్రిరాయన్‌కుప్పం, చిన్నముదలియార్‌చావడి, బొమ్మయార్‌పాళయం ఊళ్లలో ఇళ్లు, కొబ్బరిచెట్లు, పడవలు నిలిపే జాగాలు సముద్రం పాలయ్యాయి. ఒక ప్రభుత్వం కట్టిన హార్బర్‌కు మరో ప్రభుత్వం కింద ఉన్న ఊళ్లు మూల్యం చెల్లించాయి. దీన్ని ఎవరి పద్దులోనూ రాయలేదు. తీరం గురించిన వాదనల్లో ఎంతసేపూ ఇంజనీరింగ్ మాట్లాడుకుంటాం గానీ, అసలు అన్యాయం ఈ పద్దులో ఉంది.

మేనకోడలు దాన్ని మామకు తెలిసిన భాషలోకి మార్చింది. "గోదావరి కాలువ మీద ఎగువ రైతు తూముకు అడ్డం వేస్తే శివారు రైతు చేను ఎండుతుంది. శివారు వాడికి మీరు నీళ్లిస్తారా, చేను చుట్టూ గోడ కడతారా? రాతికట్ట ఆ గోడ. అది ఇసుకను తేలేదు. కొట్టిన అల వెనక్కి మళ్లి గోడ కాళ్ల దగ్గరి ఇసుకనే తవ్వుకుపోతుంది. గోడ వెనక రోడ్డు మిగులుతుంది, గోడ ముందు బీచి పోతుంది. బీచి లేని చోట పన్నితిట్టు పడవ ఎక్కడ దిగాలి?"

పడవ మాట ఆయనను తాకింది. అయినా వెనక్కి తగ్గలేదు. "2011 డిసెంబరు 30న థానే తుఫాను ఇక్కడే, పుదుచ్చేరికీ కడలూరుకీ మధ్య తీరం దాటింది. 2024 నవంబరు 30న ఫెంగల్ ఈ పక్కనే దాటింది. ఆ తర్వాత రెండు రోజులకి సాతనూరు డ్యామ్ నుంచి పెన్నైయారులోకి నీళ్లు వదిలితే బాహూరు పల్లెలు మునిగాయి. అలాంటి రాత్రి ఇంటి గోడ అవతల సముద్రం అరుస్తుంటే, ఉత్తరపు ఊరికి కోత జరుగుతుందేమోనని ఎవడూ ఆలోచించడు. తన పిల్లల్ని ఎక్కడ పడుకోబెట్టాలా అని ఆలోచిస్తాడు. రాయి అప్పుడు పనికొస్తుంది. నీ ఇసుక అప్పుడు ఎక్కడుంటుంది?"

"కాళ్ల కింద ఉంటుంది మావయ్యా. వెడల్పాటి ఇసుక ఒడ్డు ఉంటే ఆ అల ఇంటి దాకా రాకముందే సగం చస్తుంది. ఆ ఇసుకలో కొంత తుఫాను ఎత్తుకుపోయినా, దాంట్లో చాలా భాగాన్ని తర్వాతి నెలల్లో చిన్న అలలు తిరిగి తెచ్చి వేస్తాయి. రాయి అలా తిరిగిరాదు. కూరుకుపోయిందంటే మళ్లీ లారీల్లో తేవాలి. మీ ఉప్పాడలో చూడండి."

ఉప్పాడ పేరు ఎత్తితే ఆయన కదిలిపోతారు. కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్లే బీచి రోడ్డు తుఫాను వచ్చినప్పుడల్లా తెగడం గోదావరి జిల్లాల వాళ్లకు కొత్త కాదు. 2010కి కాస్త అటూ ఇటూగా అక్కడ ఇసుక నింపిన పెద్ద జియోట్యూబులతో గట్టు కట్టారు. తర్వాతి తుఫాన్లు దాన్ని చీల్చేశాయి. రోడ్డు పక్కన పోసిన రాళ్లూ మళ్లీ మళ్లీ పోయాల్సి వస్తోంది. కోతకు కారణం ఒక్కటి కాదు. గోదావరి మొగల దగ్గర నుంచి ఉత్తరంగా పెరిగిన హోప్ ఐలాండ్ ఇసుక తిన్నె, కాకినాడ రేవు కట్టడాలు, నది తెచ్చే ఒండ్రు తగ్గడం, అన్నీ కలిసి ఆ ఊరి మీద పడ్డాయి.

ఇక్కడ మామ ఎవరూ ఊహించని వైపు నుంచి గట్టి దెబ్బ కొట్టారు. "ఒండ్రు అన్నావు చూడు, నీ వాదనకు అదే ఎదురు. ఆంధ్రా యూనివర్సిటీలో కె. నాగేశ్వరరావు, మాలిని లెక్కగట్టి చెప్పారు. 1970ల్లో గోదావరి ఏడాదికి 15 కోట్ల టన్నుల ఒండ్రు సముద్రానికి మోసుకొచ్చేది. 1990లకి వచ్చేసరికి ఆరు కోట్ల టన్నులు కూడా లేదు. వర్షం తగ్గలేదు. డ్యాములు పట్టేసుకున్నాయి. పెన్నైయారు మీద కృష్ణగిరి డ్యామ్, సాతనూరు డ్యామ్ 1950ల్లోనే వచ్చాయి. ఇసుక నడవాలంటావు, ముందు నడవడానికి ఇసుక ఉండాలి కదా? నది ఇవ్వనప్పుడు నీ పంపు ఏం తోడుతుంది?"

ఈ ప్రశ్నకు తేలికైన జవాబు లేదు, మేనకోడలు అలాంటిది వెతకనూ లేదు. నదుల వాటా తగ్గిందని ఒప్పుకుంది. "అందుకే ఉన్న ఇసుకను హార్బర్ పక్కన బందీగా పెట్టుకోకూడదు అంటున్నాను. వచ్చేది తగ్గినప్పుడు వృథా ఇంకా పెద్ద తప్పు. ఏటిలో ఇసుక తవ్వకం, తీరాన ఇసుక దిబ్బలు చదును చేసి కట్టే ఇళ్లు, రిసార్టులు, వీటిని కూడా అదే పద్దులో వేయాలి."

"ఆర్కిటిక్‌తో దీనికి పొత్తు ఏంటో ఇంకా చెప్పలేదు నువ్వు."

"అక్కడ గోడ కట్టి చూశారు కనుక. అలాస్కాలో కివలీనా అనే ఊళ్లో 2006లో ఇసుక పోసిన పెట్టెలతో గోడ కట్టారు. అదే ఏడాది తుఫాను దాన్ని దెబ్బతీసింది. తర్వాత రాతికట్ట వేశారు. షిష్మారెఫ్‌లోనూ రాయి వేశారు. రాయి అలను ఆపుతుంది, గాలి వేడిని ఆపలేదు. గోడ నిలబడిన నేలే లోపల కరిగి కుంగుతుంటే గోడ ఎన్నాళ్లుంటుంది? పైగా ఆ గట్లు కరిగితే మిగిలేది ఎక్కువగా మెత్తటి ఒండ్రు, నీళ్లు. అలకు అడ్డంగా నిలిచే ఇసుక చాలా చోట్ల మిగలదు. వాళ్ల తీరాన్ని పట్టి ఉంచింది చలి. ఆ చలిని ఏ పంచాయతీ, ఏ ఇంజనీరూ తిరిగి తేలేడు. కివలీనా వాళ్లు 2008లో ఎక్సాన్‌మొబిల్ లాంటి పెద్ద చమురు, కరెంటు కంపెనీల మీద దావా వేశారు. 2009లో కొట్టేశారు, 2012లో అప్పీలు కోర్టు కూడా ఆ తీర్పునే ఖాయం చేసింది. మన తీరాన్ని పట్టి ఉంచింది నడిచే ఇసుక. దాన్ని ఆపింది మనమే, వదిలేది కూడా మనమే కావచ్చు. వాళ్లకు లేని వీలు మనకు ఉంది. ఉండి కూడా రాయి వేసుకుందామంటే నాకు బాధ."

వాదన మొత్తంలో బరువైన మాట ఇదే అనిపిస్తుంది. డ్రూ పాయింట్‌కూ పుదుచ్చేరికీ కోత ఒకేలా కనిపించినా జబ్బులు వేరు. ఒకదాన్ని ఆపాలంటే భూగోళం మొత్తం పొగ తగ్గించుకోవాలి. రెండోదాన్ని ఆపడానికి ఒక హార్బర్ మొగ దగ్గర డ్రెడ్జరు, పైపులు, ఏటేటా తప్పకుండా విడుదలయ్యే డబ్బు చాలు. అలాగని ఆర్కిటిక్ గొడవ మనకు అంటదని కాదు. తేలే మంచు కరిగితే సముద్ర మట్టం పెరగదు, గ్రీన్లాండ్ మీది మంచు కరిగితే పెరుగుతుంది. 1901 నుంచి 2018 వరకు ప్రపంచ సముద్ర మట్టం సుమారు 20 సెంటీమీటర్లు లేచింది, ఇటీవలి దశాబ్దాల్లో ఆ వేగం పెరిగింది. గడ్డకట్టిన నేలల్లో దాగిన కార్బన్ ఇప్పుడు వాతావరణంలో ఉన్నదానికి దాదాపు రెట్టింపు. అందులో ఎంత బయటికి వస్తే అంత వేడి అందరిదీ. ఇసుక పలచబడ్డ తీరం మీదికి ఎత్తు పెరిగిన సముద్రం వస్తే ముందు నష్టపోయేది పలచబడ్డ చోటే.

"ఏటేటా తప్పకుండా అన్నావే, అక్కడే పోతుంది కథంతా," అన్నారు మామ. ఆయన గొంతులో కోపం లేదు, అనుభవం ఉంది. "టెండరు ఆలస్యం అవుతుంది. డ్రెడ్జరు చెడిపోతుంది. తవ్విన ఇసుక ఎక్కడ పోయాలో ఫైలు తిరుగుతుంది. రాయికి ఈ తిప్పలు లేవు. ఒకసారి బిల్లు, పదిహేనేళ్లు నిశ్చింత. మన ప్రభుత్వాలు ఒకసారి కట్టగలవు, ప్రతి ఏడూ నడపలేవు."

"విశాఖలో నడిపారు కదా."

అది నిజం. విశాఖ రేవు కట్టినప్పుడు జానస్, వెల్లెస్‌డన్ అనే రెండు పాత ఓడలను ముంచి వాటి మీద అడ్డుకట్ట లేపారు. 1933లో రేవు లాంఛనంగా తెరిచారు. రేవు దగ్గర పడే ఇసుకను తవ్వి ఉత్తరాన బీచి మీదికి పంపడం అక్కడ రేవు నిర్వహణలో భాగమైంది. నేటికీ డ్రెడ్జింగ్ కార్పొరేషన్ ఓడలు తోడిన ఇసుక ఆర్.కె. బీచికి చేరుతోంది. ఆ పని ఆలస్యమైతే బీచి సన్నబడుతుందన్నది కూడా విశాఖవాళ్లకు తెలుసు. ఆస్ట్రేలియాలో గోల్డ్‌కోస్ట్ దగ్గర నెరాంగ్ నది మొగలో ఇసుకను దాటించే పంపుల వంతెన 1986లో, అంటే పుదుచ్చేరి హార్బర్ పని మొదలైన ఏడాదే, నడవడం ప్రారంభించింది. దాని దక్షిణాన ట్వీడ్ నది దగ్గర 2001 నుంచి మరొకటి ఏడాదికి సుమారు 5 లక్షల ఘనపు మీటర్లు పంపుతోంది. అదే కాలంలో, అదే ఉద్దేశంతో రెండు దేశాల్లో తలపెట్టిన ఏర్పాటు ఒక చోట నడిచి మరో చోట నిలిచిపోవడానికి సముద్రాన్ని నిందించలేం.

ఆమె పుదుచ్చేరిలోని ఉదాహరణ కూడా తీసింది. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ 2018లో బీచి రోడ్డులోని చీఫ్ సెక్రటేరియట్ ఎదురుగా, నీళ్ల అడుగున సుమారు 900 టన్నుల బరువున్న ఉక్కు కట్టడాన్ని దించింది. అల దాని మీద విరిగి నెమ్మదిస్తుంది, మోసుకొచ్చిన ఇసుకను వెనక వదులుతుంది. ఇరవై ఏళ్లకు పైగా రాళ్లు మాత్రమే చూసిన చోట మళ్లీ ఇసుక చేరింది, పిల్లలు ఆడుకుంటున్నారు.

మామ తల ఊపారు. "చూశాను. బాగుంది. కానీ అది ఎక్కడ పెట్టారు? గాంధీ విగ్రహం దగ్గర, టూరిస్టులు నడిచే చోట. ఉక్కు దిబ్బ టౌనుకి, రాళ్ల గుట్ట పల్లెకి. పన్నితిట్టుకి ఎవరు దించుతారమ్మా 900 టన్నులు? నేను రాయి అడుగుతోంది అదే గొప్పదని కాదు. ఈ ఊళ్లకి దొరికేది అదొక్కటే అని."

ఈ మాటలో ఉన్న నిజాన్ని దాటవేయకూడదు. జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990 నుంచి 2016 వరకు లెక్క చూసి, దేశ తీరంలో మూడో వంతు కోతకు గురవుతోందని, పశ్చిమ బెంగాల్ 63 శాతంతో ముందుంటే పుదుచ్చేరి 57 శాతంతో ఆ తర్వాత ఉందని చెప్పింది. ఇంత కోత ఉన్న చోట మంచి వైద్యం టౌను ముందు ఒక్క కిలోమీటరుకు అంది, పల్లెలకు రాళ్ల లారీ మాత్రమే అందితే, ఆ పల్లెలు రాయినే కోరుకుంటాయి. అది వాళ్ల అజ్ఞానం అనుకోవడం తప్పు.

"అయితే ఊరే జరపాలంటావా, మీ అలాస్కాలో లాగా?" అని ఆయన అడిగారు.

"కొన్ని చోట్ల వేరే దారి ఉండదు. న్యూటాక్ అని యూపిక్ జాతివాళ్ల ఊరు. 1990ల్లోనే వెళ్లిపోవాలని నిర్ణయించుకున్నారు. 2003లో భూమి మార్పిడికి అమెరికా చట్టసభ ఒప్పుకుంది. నది అవతల మెర్టార్విక్ అనే కొత్త ఊరికి మొదటి కుటుంబాలు వెళ్లింది 2019 అక్టోబరులో."

"సుమారు ఎంతమంది?"

"మూడున్నర వందలు."

"అంత డబ్బున్న దేశంలో, అంతమందిని జరపడానికి పాతికేళ్లా! ఇక్కడ అలాంటి మాట ఎత్తితే ఏమవుతుందో నేను చెప్తా విను. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత ఈ తీరమంతా లోపలికి ఇళ్లు కట్టారు. చాలామంది మళ్లీ ఒడ్డుకే వచ్చారు. ఎందుకు రారు? తెల్లవారుజామున గాలి చూసి, నీటి రంగు చూసి వేటకు పోవాలో లేదో తేల్చుకునేవాడు మూడు కిలోమీటర్ల లోపల పడుకుంటే ఎలా? పడవకి, వలకి కాపలా ఎవరు? ఆడవాళ్లు చేప దించగానే బుట్టకెత్తుకుని అమ్మకానికి పోవాలి. వాళ్లు ఖాళీ చేసిన జాగాలో ఎవరొస్తారో కూడా వాళ్లకి తెలుసు. రిసార్టు వస్తుంది."

మేనకోడలు ఈ విషయంలో ఎదురు చెప్పలేదు. ఊరు జరపడం గురించి తన లెక్కల్లో చేప దించే వేళ, కాపలా లేవని ఒప్పుకుంది. ఒక్కటి మాత్రం కలిపింది. "2025 అక్టోబరులో హాలాంగ్ అనే తుఫాను శేషం పశ్చిమ అలాస్కా మీద పడింది. కిప్నక్, క్విగిల్లింగాక్ ఊళ్లలో ఇళ్లు పునాదులు వదిలి నీళ్ల మీద తేలిపోయాయి. వందల మందిని విమానాల్లో ఆంకరేజ్‌కు తీసుకెళ్లారు. ముందుగా ఆలోచించుకోకపోతే సముద్రమే తరలిస్తుంది. అప్పుడు ఎటు పోవాలో మత్స్యకారుణ్ని ఎవరూ అడగరు. అందుకే ఇక్కడ అడగాల్సింది ఇప్పుడు, బీచి ఉండగా."

"బీచి ఉండగా రాయి వేయొద్దంటావు."

"వేయొద్దు మావయ్యా. వేసిన రోజు నుంచి బీచి పోవడం మొదలవుతుంది. తర్వాత పక్క ఊరు అడుగుతుంది, దానికీ వేస్తారు."

"మరి తుఫాను రాత్రి?"

"ఇసుక దిబ్బలు చదును చేయకుండా ఉంచడం, ఒడ్డు నుంచి వెనక్కి కాస్త ఎత్తులో ఇళ్లు, రాత్రికి నడిచి చేరుకునేంత దగ్గరలో గట్టి ఆశ్రయం. ఒక్క ఇంటికో బడికో తప్పదనుకుంటే తాత్కాలికంగా రాళ్లు వేయండి, నేను కాదనను. ఊరు పొడుగునా గోడ మాత్రం వద్దు."

మామ పూర్తిగా ఒప్పుకోలేదు. కోత మొదలైందని కొలతలు చెప్పిన రోజున మాత్రం రాయి కావాల్సిందేనని ఆయన పట్టుదల. అయితే ఆ కొలతలు తీసేదెవరు, ఎక్కడ దొరుకుతాయి అన్న దగ్గర ఇద్దరి మాటా ఒకటయింది. ఏడాదికి రెండుసార్లు, నైరుతి ముగిశాక ఒకసారి, ఈశాన్యం ముగిశాక ఒకసారి, ప్రతి కుప్పం, అంటే మత్స్యకారుల పల్లె, ముందు బీచి వెడల్పు కొలిచి ఊళ్లో బోర్డు మీద రాయడం పెద్ద ఖర్చు కాదు. మత్స్యకార పంచాయతీలు దాన్ని సొంతంగా చేయగలవు కూడా.

ఈ వాదన విన్నాక పల్లెల పక్షం మామది, తీరం పక్షం మేనకోడలిది అని తోస్తుంది. కానీ ఇద్దరూ ఒకే మనుషుల కోసం మాట్లాడుతున్నారు. మామ భయం న్యాయమైనది, ఆయన మందు మాత్రం ఉత్తరాన ముప్పై ఏళ్లుగా వాడి చూసి విఫలమైన మందు. దక్షిణ పుదుచ్చేరి కుప్పాల ముందు ఊరి పొడుగునా రాతికట్ట ఇప్పుడు వద్దు. హార్బర్ ఇసుకను ఉత్తరానికి దాటించే పని ముందు జరగాలి. ప్రతి ఏటా అరియాంకుప్పం మొగలో ఎన్ని ఘనపు మీటర్ల ఇసుక తవ్వారో, ఎక్కడ పోశారో, ఎంత ఖర్చయిందో పుదుచ్చేరి ప్రభుత్వం తమిళంలోనూ తెలుగులోనూ ప్రకటించాలి. యానాంలో ఉన్నా, కిరుమాంబాక్కంలో ఉన్నా, ఆ లెక్క అడగడం మొదలుపెట్టండి.